అన్నం వేళకి మాత్ర

మా అత్తమ్మ నసీమున్నీసా అబద్ధమాడే మనిషి కాదు. అయినా ఆ రోజు గుంటూరు ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తుంటే ఆమె మీద నాకు ఒళ్లు మండిపోయింది. అంతకుముందే ఆసుపత్రిలో, ఆమెకి డయాలసిస్ చేయించే డాక్టర్ సంతోషకుమారి గారు ఎక్స్‌రే చూపించారు. చేతి రక్తనాళాలు ఎముకల పక్కన తెల్లటి గీతల్లా కనబడ్డాయి.

"కిడ్నీలు పనిచెయ్యకపోతే ఫాస్ఫరస్ ఒంట్లో నిలిచిపోతుందమ్మా. దానివల్ల కాల్షియం పేరుకుని రక్తనాళాలు ఇలా గట్టిపడతాయి. గట్టిపడ్డవి మళ్లీ మెత్తబడవు. మిగతావైనా కాపాడుకోకపోతే గుండెకి ప్రమాదం. ఫాస్ఫరస్ తగ్గడానికిచ్చిన మాత్రలు వేసుకుంటున్నారా?"

"అన్నం వేళకి తప్పకుండా వేసుకుంటన్నానండీ," అంది అత్తమ్మ.

మరి రక్తపరీక్షలో ఫాస్ఫరస్ ఎందుకు తగ్గలేదు? ఫాస్ఫరస్ ఎక్కువుండే ఎండుచేపలు ఈవిడ చాటుగా లాగించేస్తోందని నా అనుమానం. మర్నాడు మధ్యాహ్నం వంటింటి గుమ్మంలోనే కాపు కాశాను.

మా మామయ్య సుభానీ మిర్చి యార్డు నుంచి వచ్చి చాప మీద కూర్చున్నారు. అత్తమ్మ ఆయనకి కంచం పెట్టి, గుటుక్కున మాత్ర మింగింది. ఆయనకి వడ్డించింది. మా ఆయన షబ్బీర్‌కి వడ్డించింది. వద్దంటున్నా వినకుండా నన్నూ కూర్చోబెట్టింది. అందరివీ అయ్యాక గిన్నెలు సర్ది, నమాజు చేసుకుని, అప్పుడు చల్లారిన అన్నం ముందు పెట్టుకుంది.

"మాత్ర ఏది అత్తమ్మా?"

"ఇందాకే వేసుకున్నాగా. అన్నం వేళకే గదా వేసుకోమంది!"

అది మా అన్నం వేళ, ఆమెది కాదు. నాకు ఏడుపొచ్చింది. డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆ మాత్ర అన్నంలో కలిస్తేనే అందులోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని బయటికి పంపుతుందట. ఖాళీ కడుపులో దానికి పనేముంటుంది?

మరుసటి రోజు గరిటె లాక్కున్నాను. "ముందు మీరు తినండి. మాత్ర మీ అన్నం మధ్యలోనే పడాలట."

"మీ మామయ్య తినకుండానా? నీకేమన్నా పిచ్చా?"

మామయ్య ఆకలికి ఆగే మనిషి కాదు. కూర కాస్త ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తారు. ఇవాళ నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం తన కంచం ఆమె ముందుకి జరిపారు.

"కూర్చో. నువ్వు మొదలెడితేగానీ నేను ముట్టను."

అత్తమ్మ సిగ్గుపడుతూ ముద్ద కలిపింది. మధ్యలో మాత్ర వేసుకుంది. ఇంకో ముద్ద తిని ఆగిపోయింది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం లేదే రిహానా. మనింట్లో అన్నం ఇంత వేడిగా ఉంటదా?"

మామయ్య తలెత్తలేదు.