సర్దుకుపోని గోల్ఫ్ కర్ర

నేను ఒక గోల్ఫ్ కర్రను. పేరుకే కర్ర, తల టైటానియం, కాడ కార్బన్. ఆట మొదట్లో బంతిని దూరంగా పంపేది నేనే, నన్ను డ్రైవర్ అంటారు. కండబలం ఉన్న కుర్రాళ్ల కోసం చేశారు నన్ను. నడిమధ్య తగిలితే బంతి కనుమరుగు. కాస్త పక్కన తగిలిందా, తుప్పలపాలు. సర్దుకుపోవడం నాకు చేతకాదు, అందుకు సిగ్గూ లేదు.

విశాఖలో ఒక దుకాణంలో నా పక్కనే ఒక మెత్తటి డ్రైవర్ ఉండేది. పెద్ద తల, వంగే కాడ. ఎక్కడ తగిలినా బంతిని దారిలోనే పెట్టేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట.

ఒకరోజు పోర్టులో రిటైరైన తాతారావు వచ్చాడు. వెంట పాత స్నేహితుడు గౌరీశంకర్. ప్రతి ఆదివారం పొద్దున్నే వీళ్లిద్దరూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ, నలుగురు కలిసి ఆడతారు. మొదటి దెబ్బకు మైదానంలోని వాగును బంతితో దాటించలేనివాడు అందరికీ టిఫిన్ పెట్టించాలి. అదేపనిగా దాటించలేకపోతే నెమ్మదిగా పిలవడం మానేస్తారు. తాతారావుకు భుజం పట్టేసింది. ఆ నలుగురిలో తన చోటు పోతుందేమోనని బెంగ.

మెత్తటిదానితో దుకాణంలో కట్టిన వలలోకి బంతి కొట్టి చూశాడు.

"మీకిదే సరిపోద్ది సార్. దూరం వస్తాది, తప్పు తగిలినా సర్దుకుంటాది," అన్నాడు షాపతను.

తాతారావు ముఖం వెలిగింది. గౌరీశంకర్ నవ్వాడు. "ముసిలోళ్ల కర్రరా అది! నీకేటి కర్మ?"

అంతే, తాతారావు నన్ను కొన్నాడు. వయసు ఒప్పుకోవడం కంటే తప్పు కర్ర కొనడం మనుషులకు తేలిక.

వారం వారం నన్ను ఊపి బంతులన్నీ వాగులో పోశాడు. గౌరీశంకర్ సంచిలో మాత్రం ఆ మెత్తటిది కనిపించింది. మర్నాడే వెళ్లి కొనుక్కున్నాడట. కొన్నాళ్లకు తాతారావు చోట్లో గౌరీశంకర్ వియ్యంకుడు నిలబడ్డాడు. నాటకమంతా ఆ వియ్యంకుడి కోసమే.

ఇంటికొచ్చి తాతారావు నన్ను గోడకేసి కొట్టాడు. జాలి పడ్డానని అబద్ధం చెప్పను. నాకు తమాషాగానే ఉంది. తర్వాత నన్ను ఎత్తి, దుమ్ము తుడిచి, చాలాసేపు ఆలోచించాడు.

మర్నాడు నన్ను కూర్మారావుకు బహుమతిగా ఇచ్చాడు. నలుగురిలోకీ నెమ్మదస్తుడు కూర్మారావు. భార్య పోయాక అతను నలుగురిలో నవ్వేది ఆ ఆదివారాలే. తన పాత కర్రతో ఎలాగోలా వాగు దాటించేవాడు.

"నాకు భుజం పోయింది గానీ, కర్ర మంచిదిరా. నీకు బాగుంటాది," అన్నాడు తాతారావు, ఎటో చూస్తూ.

కూర్మారావు కళ్లు తుడుచుకున్నాడు. "నన్ను తలుసుకున్నావురా తాతా!"

ఇచ్చినవాడు నొచ్చుకుంటాడని పాత కర్రను అటక మీద పడేశాడు. నా పని నేను చేశాను. వానలు మొదలయ్యేసరికి అతని చోట్లో తాతారావు, తనూ ఒక మెత్తటిది కొనుక్కుని, ఆడుతున్నాడు.

కూర్మారావు ఇప్పటికీ ఆదివారం అందరికంటే ముందే వస్తాడు. ఎవరైనా రాకపోతే పిలుస్తారని ఆశ. బెంచీ మీద కూర్చుని నన్ను తువ్వాలుతో తుడుస్తాడు. ఆ నలుగురూ వెళుతుంటే తాతారావు ఒక్కడే ఆగుతాడు.

"కొడతా ఉండరా, అలవాటైపోద్ది."

స్నేహితుడి మాట మీద నమ్మకంతో కూర్మారావు నన్ను పట్టుకుని లేస్తాడు.