అనుమతి అక్కర్లేని షెడ్డు

పెరట్లో షెడ్డు వేసుకోవాలంటే టౌను ఆఫీసులో ఒక దరఖాస్తు, కాగితం మీద గీసిన ఒక బొమ్మ ఇస్తే చాలు. ఆ పాటి పని తప్పించుకోవడానికి మా అన్న పడ్డ పాట్లతో ఈపాటికి ఇంకో ఇల్లే లేచేది.

వదిన పాత సోఫాలకు కొత్త స్పాంజి, కొత్త గుడ్డ వేసి ఇస్తుంది. ఇల్లు గడిచేది దాని మీదే. హాల్లో చేస్తే అన్నం కంచంలోకి కూడా స్పాంజి పొట్టు. వరండాలో చేస్తే వాన జల్లు. కిందటిసారి అలాగే ఒక సోఫా తడిసి బూజు పట్టింది. పని ఇచ్చే ఫర్నిచరు షాపాయన మొహం మీదే చెప్పేశాడు. "ఇంకొక్కటి తడిసిందంటే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటానమ్మా. ఏమీ అనుకోకు."

వానలు నెత్తిమీదకి వచ్చేశాయి.

"రేపెళ్ళి ఆ అనుమతేదో తెచ్చెయ్యండి," అంది వదిన.

"నా పెరట్లో నాలుగు చెక్కలు నిలబెట్టుకోడానికి వాడెవడి దగ్గరో చేతులు కట్టుకు నిలబడాలా? అనుమతి అక్కర్లేకుండా ఎలా కట్టాలో నాకు తెలుసు," అన్నాడు అన్న.

మర్నాడు ఆఫీసుకే వెళ్ళాడు. గోడకి అంటించిన రూల్సన్నీ ఫోన్లో ఫొటో తీసుకుని వచ్చాడు. గోడదాకా వెళ్ళినవాడు, పక్కనున్న తలుపులోకి మాత్రం అడుగు పెట్టలేదు. పరువు.

ఇక మొదలైంది కోత. పునాది వేస్తే అనుమతి కావాలట, పునాది తీసేశాడు. కరెంటు తీగ లాగితే కావాలట, దీపం తీసేశాడు. గుమ్మం ముందు చెక్క అరుగు వేస్తే కావాలట, మెట్టు కూడా మిగల్లేదు. వైశాల్యానికీ ఎత్తుకీ హద్దులున్నాయి. ఆ హద్దుల్లోనే కడితే సరిపోయేది. కానీ మా అన్నది మామూలు జాగ్రత్త కాదు.

"కొలిచేవాడు టేపు కొంచెం లాగి పట్టుకుంటే?" అని నాలుగు వైపులా మూరెడేసి తగ్గించాడు. "తలుపు పెద్దదైతే వాడి కన్ను పడుతుంది," అని తలుపూ తగ్గించాడు. చెప్పు కరిచిందని కాలు కోసుకునేవాడి గురించి విన్నాను గానీ, చెప్పుల షాపుకి వెళ్ళకముందే కోసుకునేవాణ్ణి అప్పుడే చూశాను. చెక్కలు పట్టుకోమంటే నేనూ పట్టుకున్నాను. అన్న కదా.

షెడ్డు పూర్తయింది. పక్కింటి తాత కంచె మీదుగా తొంగి చూశాడు.

"బాగుంది నాయనా. ఎన్ని కోళ్ళు పడతాయి?"

"కోళ్ళకి కాదు తాతా. మా ఆవిడ పనికి."

"ఓహో. అమ్మాయి కూర్చునే చేస్తుందా, పడుకుని చేస్తుందా?"

అన్న షెడ్డు తలుపు బార్లా తీశాడు. వదినా నేనూ సోఫా మోసుకొచ్చాం. నిలువుగా పట్టలేదు. అడ్డంగా పట్టలేదు. ఒరిగించి తోస్తే రెండు కాళ్ళు లోపలికి వెళ్ళి, అక్కడే ఇరుక్కున్నాయి. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. చివరికి ముగ్గురం కలిసి గుంజితే గానీ బయటపడలేదు.

"నువ్వు మరీ పెద్ద పెద్ద సోఫాలు తెస్తున్నావు," అన్నాడు అన్న.

"అవునండీ. మనుషులు కూర్చునేవి తెస్తున్నాను," అంది వదిన.

మర్నాడు పొద్దున్నే బొమ్మ తనే గీసుకుని, ఆఫీసుకి తనే వెళ్ళింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చేసింది. ఆ వారంలోనే స్థలం చూడ్డానికి ఒక అధికారి వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో టేపు. భూమిని తనే చాపలా పరిచినట్టు నడిచాడు. అన్న కట్టిన షెడ్డు చుట్టూ తిరిగి కొలిచాడు, వంగి చూశాడు, మళ్ళీ కొలిచాడు.

"ఎవరు కట్టారండీ ఇది? ఒక్క తప్పు లేదు. నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

అన్న చొక్కా గుండీలకి కష్టకాలం వచ్చింది.

"అయితే పెరటికి ఒకే షెడ్డు," అన్నాడు అధికారి వదిన వైపు తిరిగి. "మీరడిగినదానికి సంతకం పెట్టాలంటే ఇది ఉండకూడదమ్మా."

"తీసేస్తాం," అంది వదిన.

"అదేంటి? దీనికి అనుమతే అక్కర్లేదు కదండీ," అన్నాడు అన్న.

"అక్కర్లేదండీ," అన్నాడాయన మర్యాదగా. "పీకెయ్యడానిక్కూడా అక్కర్లేదు."

లోపల నిలబడే ఎత్తు లేదు కాబట్టి, మేకులన్నీ అన్న మోకాళ్ళ మీదే పీకాడు.

కొత్త షెడ్డుకి రేకులు బిగించిన రెండో రోజునే వాన దిగింది. షాపాయన ఆ వానలోనే వచ్చాడు. సోఫాని అరచేత్తో నొక్కి చూశాడు, అడుగున వేళ్ళు పెట్టి తడిమాడు. పొడిగా ఉంది. బండిలోంచి ఇంకో రెండు దింపించాడు.

వెళ్ళేటప్పుడు అన్న ఆయనకి గొడుగు పట్టాడు. "మీ షాపు వెనక కంచె లేదు కదా? అనుమతి అక్కర్లేకుండా ఎంత ఎత్తు వేసుకోవచ్చో నన్నడగండి," అంటూ గేటుదాకా నడిచాడు.

సోఫాకి గుడ్డ బిగిస్తున్న వదిన నోటినిండా మేకులున్నాయి. లేకపోతే ఏదో ఒకటి అనేదే.