వీపు మీద పెట్టిన సంతకం

బ్యాంకు వెనక్కి పంపిన చెక్కు మీది సంతకం సోమవారం పొద్దున్నే కాగితం దిగి, మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. మా ఆవిడ దానికి రెండిడ్లీలు పెడుతుంది. కారప్పొడి వద్దంటుంది.

అది సత్తిపండు సంతకం. వాడూ నేనూ ముప్పై ఏళ్ల స్నేహితులం. నా కొట్లో నాలుగు లక్షల రూపాయల రొయ్యల మేత అరువు తీసుకుని, చెరువు గట్టు మీద నిలబడి చెక్కు రాసిచ్చాడు. ఆనించుకోవడానికి ఏమీ లేకపోతే నేనే వంగి వీపు ఇచ్చాను. సంతకం కలవలేదని బ్యాంకు చెక్కు తిప్పి పంపింది, నేను కేసు వేశాను. ఇవాళ లోక్ అదాలత్‌లో రాజీ. డబ్బు సగమే వచ్చినా సరే. ఆ రోజు చెయ్యి తడబడిందని వాడు ఒక్క మాటంటే చాలు నాకు.

సంతకాన్ని స్కూటర్ మీద ఎక్కించుకుంటాను. గతుకులొచ్చినప్పుడల్లా అది నా చొక్కా పట్టుకుంటుంది.

హాల్లో కుర్చీలు తక్కువ. రాజీకి వచ్చినవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఉన్నారు. నేను సత్తిపండు ఒళ్లో కూర్చుంటాను.

"ఏరా, ఆ రోజు ఎండకి చెయ్యి వణికింది, అంతే కదా?"

వాడి బదులు సంతకమే గొంతు సవరించుకుంటుంది.

"వణకలేదండి. బ్యాంకోళ్లు ఎరగని సంతకం కావాలని మూడ్రోజులు రాసి రాసి నన్ను తయారు చేసేరండి. తవరు వంగున్నారు కదా, కనపళ్లేదు."

ఇంత మోసమా! లేచి వెళ్లిపోదామంటే, పిలిచేదాకా లేవకూడదని బంట్రోతు అంటాడు.

"గడువు కావాలంటే ఇచ్చేవాణ్ణి కదరా!"

"ఇత్తావని తెల్సురా. అడగాలంటే సిగ్గేసింది," అంటాడు సత్తిపండు.

మా పేర్లు పిలుస్తారు. జడ్జిగారు షరతు చదువుతారు. "రెండు లక్షలకి రాజీ. ఇద్దరూ ఎవరిది వాళ్లకి అప్పజెప్పుకోవాలి. ఆపైన ఎవరికీ ఎవరితోనూ సంబంధం ఉండదు. సమ్మతమేనా?"

సత్తిపండు డబ్బు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుంటాడు.

"ఈళ్ల నాన్న పాడెకి నా భుజం ఇచ్చేనండి. అదిప్పించండి."

మా లాయరు నా వైపు చూడకుండానే ఆ మాట రాజీపత్రంలో రాస్తాడు. చట్టప్రకారం సబబే అంటాడు. నాకు ఏడుపొస్తుంది. పత్రం మీద నా సంతకం పెడతాను.

బయటికి వస్తే, పదకొండేళ్ల కిందటి నాన్న శవయాత్ర కోర్టు గేటు ముందు నుంచి వెళుతోంది. పాడెను ముగ్గురే మోస్తున్నారు, నాలుగో మూల నేల మీద ఈడ్చుకుపోతోంది. నేను ముందు నడుస్తున్నాను. నా చేతుల్లో నిప్పుకుండ ఉంది, దాన్ని దించకూడదు. వెనక నాన్న జారిపోకుండా వెదురు పట్టుకుని లేచి కూర్చుని అడుగుతున్నాడు.

"సత్తిపండు రాలేదేంట్రా?"