వద్దనడం నేర్పే పాఠం

మా రేవు వాడ పిల్లలకు నేను చెప్పే పాఠం ఒకటే, వద్దనడం. దానికి ప్రభుత్వం వారు పెట్టిన పేరు పెద్దది. జీవన నైపుణ్యాలు, మాదకద్రవ్యాల నిరోధం అని బ్యానరు మీద రెండు వరుసలు పడుతుంది. నేను మాత్రం మూడు ముక్కల్లో తేల్చేస్తాను. వద్దని గట్టిగా చెప్పు. కారణాలు చెప్పకు, చెప్పావంటే బేరం మొదలవుతుంది. అక్కణ్ణించి లేచి వచ్చేయ్. పదకొండేళ్లుగా ప్రతి శనివారం వాడలోని బాస్కెట్‌బాల్ కోర్టు రేకుల కింద ఇదే చెబుతున్నాను. పిల్లలు నన్ను చూసి రారు, పాఠం అయ్యాక పెట్టే పాన్సిత్ నూడుల్స్ కోసం వస్తారు. ఎందుకోసమైతేనేం, వస్తే చాలనుకునేదాన్ని.

అర్జెల్ ఆ పాన్సిత్ కోసం కూడా వచ్చేవాడు కాదు. పదిహేడేళ్లవాడు, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. తండ్రి లేడు. తల్లి ఎపిఫానియా రేవులో ఎండుచేపలు అమ్ముతుంది. వాడికి ఏ మత్తూ తెలీదు, పక్కన ఎవరైనా సిగరెట్టు ముట్టిస్తే తుమ్మేవాడు. అయినా నేనే వెంటపడ్డాను. మంచి పిల్లలు నాలుగు మాటలు వింటే మిగతావాళ్లను దారిలో పెడతారని నా సిద్ధాంతం. అప్పట్లో నా దగ్గర అలాంటి సిద్ధాంతాలు బోలెడు ఉండేవి.

చివరికి ఒక శనివారం వచ్చాడు. చివర కూర్చుని అంతా విన్నాడు. అయ్యాక హాజరు కాగితం తిప్పాం. పేరు, వయసు, ఇంటి చిరునామా, సంతకం. మా దగ్గర టీకాలు వేసినా, చేతులు కడుక్కోవడం గురించి ఉపన్యాసమిచ్చినా ఆ కాగితం ఉండాల్సిందే. సంతకం లేనిదే ప్లేటు లేదు. అర్జెల్ దగ్గరికొచ్చేసరికి వాడు పెన్ను ముట్టుకోలేదు.

"వద్దు మేడం," అన్నాడు.

ఎందుకని అడిగాను. చెప్పలేదు. ప్లేటు వదిలేసి లేచి నడిచాడు. నేను నేర్పినవి మూడూ వరుస తప్పకుండా చేశాడు. పిల్లలు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. మెచ్చుకోవలసిందాన్ని పోయి వాడి భుజం పట్టుకున్నాను.

"ఒరే, నా దగ్గర కూడానా? ఇది హాజరేరా. నేనేమన్నా నీకు మత్తు అమ్ముతున్నానా?"

వాడు నవ్వేశాడు. ఈమధ్య ఎక్కడా సంతకం పెట్టొద్దని వాళ్లమ్మ చెప్పిందట. మీ అమ్మతో నేను మాట్లాడతాలే అన్నాను. నలుగురి ముందు పెద్దవాళ్లను రెండోసారి కాదనాలంటే మా వాళ్లకు ప్రాణం మీదికొచ్చినంత సిగ్గు. అది మా అందరికీ ఉన్న జబ్బే. ఆ సిగ్గును నేను బాగానే వాడుకున్నాను. వాడు పెన్ను తీసుకున్నాడు. ఆ రోజు అది ముప్ఫై ఒకటో సంతకం.

వాళ్లమ్మ భయపడటంలో తప్పు లేదు. మత్తు వాడుతూ లొంగిపోయినవాళ్ల జాబితాలు ప్రతి వాడా పంపాలని ఆ ఏడాది పైనుంచి ఒత్తిడి. వేరే ఊళ్లలో అలా పేరెక్కినవాళ్లలో కొందరిని ఎవరో కాల్చేశారని పుకారు. మా వాడ ఆఫీసు గుమస్తా తియోఫిలోకు అదే తలనొప్పి. అతను మా అమ్మాయి బాప్తిస్మంలో జ్ఞానపితగా నిలబడ్డవాడు, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతుంటాడు, ఎవరికీ కీడు తలపెట్టేవాడు కాదు. ఎంత తిరిగినా అతనికి పంతొమ్మిది పేర్లే దొరికాయి. శుక్రవారం లోపల యాభై కావాలి. నా హాజరు కాగితం అతని బల్లమీదే ఉంది, పైన మాదకద్రవ్యాలు అని పెద్దక్షరాలతో. తీసి జతచేసి పంపేశాడు.

పది రోజుల తర్వాత టౌను ఆఫీసు నుంచి ఇద్దరు జాబితా పట్టుకుని అర్జెల్ ఇల్లు ఎక్కడని అడుగుతూ వస్తే నాకు సంగతి తెలిసింది. పరుగున ఆఫీసుకు వెళ్లాను. తియోఫిలో బుర్ర గోక్కున్నాడు.

"యాభై కావాలన్నారమ్మా. సంతకాలతో సహా రెడీగా ఉన్నాయి కదా అని పెట్టేశా. ఉత్త కాగితమే కదా."

తీసెయ్యమని గొడవ పడ్డాను, ఏడ్చాను. ఒకసారి ఎక్కిన పేరు తీసే పద్ధతి లేదన్నాడు. ఉన్న దారి ఒకటే. పేరున్నవాడు స్వయంగా వచ్చి ఫారం నింపి, ప్రమాణం చేసి, పన్నెండు శనివారాలు శిక్షణకు రావాలి. ఆ తర్వాత బాగుపడినవాడని సర్టిఫికెట్ ఇస్తారు, ఇక ఎవరూ వాడి జోలికి రారు. రానివాణ్ణి దాక్కున్నవాడిగా లెక్కేస్తారు. ఆ శిక్షణ ఇవ్వాల్సింది కూడా నేనే.

బంధువులున్నవాళ్లు పిల్లల్ని ఓడ ఎక్కించి వేరే దీవులకు పంపేశారు. ఎపిఫానియా కూడా అర్జెల్‌ను బొహోల్ దీవిలో ఉన్న చెల్లెలి దగ్గరికి పంపుతానని మూట కట్టింది. వద్దన్నది నేనే. పారిపోతే నిజంగానే చేశాడనుకుంటారు, ఫారం నింపితే గొడవ వదిలిపోతుంది, నేను దగ్గరుండి చూసుకుంటాను అని చెప్పాను. ఆవిడ నా మాట నమ్మి మూట విప్పేసింది.

ఫారం సొంత దస్తూరీతో నింపాలి. ఏం వాడావు, ఎన్నిసార్లు, ఎవరితో. అర్జెల్ అన్నిటికీ ఏమీ లేదు అని రాసి ఇచ్చాడు. ఏమీ లేకపోతే లొంగేది దేనికని తియోఫిలో ఆ కాగితం చింపి కొత్తది ఇచ్చాడు. వాడు నా వైపు తిరిగాడు.

"ఏం రాయమంటారు మేడం?"

షాబు అని, మా రేవుల్లో దొరికే మత్తుమందు పేరు, రాయమన్నాను. రెండుసార్లు, స్నేహితులతో, తర్వాత మానేశాను అని రాయమన్నాను. ఎక్కువ రాస్తే ప్రమాదం, తక్కువ రాస్తే నమ్మరు కదా, రెండుసార్లయితే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. దాన్ని మింగుతారా, పీలుస్తారా అని వాడు అడిగాడు. అదీ చెప్పాను. పదకొండేళ్ల నా చదువంతా ఆ కాగితం మీద చక్కగా అక్కరకొచ్చింది. వాడిది ముత్యాల్లాంటి రాత. నింపి, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. ఫొటో తీశారు.

ఐదు శనివారాలు వచ్చాడు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేకుండా. ఆరో వారం మంగళవారం పొద్దున్న పదింటికి, ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు మోటారుసైకిలు మీద వచ్చారు. నువ్వేనా అర్జెల్ అని అడిగారు. అవునన్నాడు. భుజం మీది దిమ్మ దించనైనా దించలేదు, కాల్చేసి వెళ్లిపోయారు. ఎవరో ఇప్పటికీ తెలీదు. మర్నాడు పేపరులో లొంగిపోయినవాళ్ల జాబితాలో ఒకడు అని రెండు లైన్లు వేశారు.

తియోఫిలో కాఫీపొడి డబ్బాలు, బిస్కెట్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లి చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. నేను నాలుగు రోజులు వెళ్లలేకపోయాను. నాకు భయం వేసింది. ఆవిడ నా జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తుందనుకున్నాను. ఐదోరోజు మధ్యాహ్నం, ఏమైతే అదే అవుతుందని వెళ్లాను. ఒకరకంగా ఆ దెబ్బలు తిందామనే వెళ్లాను.

శవపెట్టె ఇంకా ముందుగదిలోనే ఉంది, మా వైపు వారం దాకా ఇంట్లోనే ఉంచుతారు. ఎపిఫానియా నాకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుంది. కొడుకును ఎందుకు చంపారని ఆవిడ టౌను ఆఫీసులో అడిగితే వాళ్లు ఫారం నకలు చేతిలో పెట్టారట. దాన్ని ప్లాస్టిక్ కవరులో దాచుకుంది. తీసి నా ఒళ్లో పెట్టింది.

"నాకు చదువు రాదు కానీ వాడి అక్షరాలు తెలుసు మేడం. వాడి రాతేనా ఇది?"

వాడి రాతే అన్నాను.

"రెండుసార్లు అని ఉందట. నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు వాడు. నేను సంతకి పోయినప్పుడు చేసుంటాడంటారా?"

అప్పుడు చెప్పేశాను. సంతకం నేను పెట్టించాను, మూట నేను విప్పించాను, ఈ కాగితం మీద ప్రతి ముక్కా నేను చెప్తే రాశాడు, వాడు ఏదీ ముట్టుకోలేదు, మా అమ్మాయి మీద ఒట్టు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది. తర్వాత నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని నిమిరింది.

"మీరు మంచివారు మేడం. నా మనసు బాధపడకూడదని, వాడి తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు."

కాదు, నిజంగా నేనే అన్నాను. ఆవిడ తలూపుతూనే లేచి పెట్టె దగ్గరికి వెళ్లింది. గుడ్డతో పెట్టె మీది అద్దం తుడిచి, కొడుకు ముఖం మీదికి వంగింది.

"చెప్పుంటే నేనేమైనా కొట్టేదాన్నా నాన్నా?" అంది.

వాడు చెయ్యలేదని నేను మళ్లీ చెప్పాను. ఆవిడ నావైపు తిరగలేదు, అద్దం తుడుస్తూనే ఉంది.