రిటార్టు తలుపు

...తలుపు మూయడమంటే ఏముంది, ఎడమ చేత్తో ఒక తోపు, కుడి చేత్తో చక్రం తిప్పడం, రోజూ చేసేదే, లోపల చేపల డబ్బాల బదులు బావ ఉంటాడు, అంతే తేడా.

రిటార్టు అనే ఆ ఇనుప పీపాలో మనిషి వంగి నడిచేంత చోటుంది. సీలు వేసిన డబ్బాలను బండి మీద పేర్చి అందులోకి తోసి, తలుపు బిగించి, ఆవిరి వదులుతారు. మామూలుగా మరిగిస్తే చావని క్రిములుంటాయి. పెంకు కప్పుకుని పడుకుని, అంతా చల్లారాక లేస్తాయి. వాటిని చంపడానికే ఇంత ఇనుము, ఇంత ఒత్తిడి. తనకు ఈ పని నేర్పింది బావ. ఉద్యోగం ఇప్పించిందీ, ఇంట్లో ఒక గది ఇచ్చిందీ బావే. నిన్న అక్క దవడ విరగ్గొట్టిందీ బావే.

ఇప్పుడు ఖాళీ బండి లోపల పట్టాల మీద ఇరుక్కుంది. దాన్ని కదపడానికి లోపలికి వెళ్ళేవాడు ఆవిరి వాల్వుకు తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి. బావ తాళం ముట్టుకోలేదు.

"బామ్మర్ది కాపలా ఉండగా తాళమెందుకురా? పిల్లనిచ్చినవాళ్ళు అల్లుణ్ణి ఉడకబెట్టుకుంటారా ఏంటి!" నవ్వుతూ లోపలికి దూరాడు.

"అక్క ఏమైనా తిందా బావా?"

"ఏం తింటుంది? దవడలకు తీగ కట్టారుగా. స్ట్రాతో తాగుతోంది. పోన్లే, కొన్నాళ్ళు ఇల్లు హాయిగా ఉంటుంది."

తలుపు మూసుకుంది. చక్రం తిరిగింది. తిప్పింది తన చేతులేనని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"ఒరేయ్, చాల్లే నీ వేషాలు!" ఇనుములోంచి గొంతు సన్నగా వచ్చింది.

అతను వాల్వును వెంట్రుకవాసి తిప్పాడు. బుస్సుమంది. లోపల పిడికిళ్ళు, తర్వాత భుజం, తర్వాత బహుశా తల, ఇనుముకేసి కొట్టుకున్నాయి. చర్మం ఎలా ఊడి వస్తుందో అతనికి తెలుసు. చిట్లిన డబ్బాల్లో చేప తోలు చూశాడు. ఇదీ చూడాలనిపించింది.

"తమ్ముడూ! కాలిపోతున్నానురా! వద్దురా, నీ కాళ్ళు పట్టుకుంటా, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ..."

తమ్ముడూ! ఆ పిలుపు ఒళ్ళంతా తియ్యగా పాకింది. ఇంకోసారి అంటే బాగుండు. ఇంకాస్త గట్టిగా. నిన్న గోడకు అవతల అక్క కూడా వద్దు వద్దంది, తప్పయిపోయిందంది. ఏ తప్పో ఆమెకే తెలియదు. తను దుప్పటి ముసుగేసుకుని విన్నాడు. ఆ మాటలు వింటూ కూడా కొట్టేవాడికి లోపల ఎలా ఉంటుందో అని చాలాసార్లు ఆలోచించాడు. ఇలా ఉంటుందన్నమాట. ఇంత బాగుంటుందన్నమాట.

పక్కకు వంగి కక్కాడు. నోరు చేదెక్కినా ఆ తీపి పోలేదు. లోపల తలుపును గోళ్ళతో గీరుతున్న చప్పుడు.

అతను వాల్వు కట్టేసి, రెండు చేతులతో తలుపు చక్రాన్ని వెనక్కి తిప్పాడు.