కుందేలు మూసిన గది

నోబుయె పొద్దున్నే చిలగడదుంపలు పొయ్యి మీద పడేసి, కూతురు మిచిని లేపుదామని పక్క గది తలుపు జరిపింది. గుమ్మం నిండా, పైదాకా మట్టిగోడ. ఇంకా తడారలేదు. చిన్న చిన్న పాదాలతో నున్నగా తొక్కి మెత్తినట్టుంది.

"అత్తయ్యా! మిచిని కుందేలు మూసేసింది!"

అత్తగారు మంకమె నల్లబెల్లం ముక్క బుగ్గన పెట్టుకునే వచ్చి చూసింది. "అయితే పొడుగుది ఇంట్లో దూరిందన్నమాట," అంది గొంతు తగ్గించి. అమామి దీవిలో ఆ పాము పేరు ఎవరూ పైకి అనరు; అది ఇంట్లోకొస్తే నల్లకుందేలు తన పిల్లల్ని దాచినట్టే ఇంటి పిల్లల్నీ మట్టితో మూసేస్తుంది. "గోడ జోలికి పోకు. ఎల్లుండి పాలివ్వడానికి వచ్చి అదే తీస్తుంది."

"రెండ్రోజులా! పిల్లకి ఊపిరాడకపోతే?"

"నీ మొగుణ్ణీ మూసింది మూడేళ్లప్పుడు. చచ్చాడా? నిన్ను చేసుకోడానికి మిగిలాడుగా!"

పక్కింటి తొకుసెన్ తాత కర్ర పట్టుకొచ్చి చాపల కిందా, మగ్గం కిందా పొడిచి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అందరికీ ఇంకా భయమేసింది.

మధ్యాహ్నం దాకా లోపల్నించి చప్పుడు లేదు. నోబుయె ఇక ఆగలేకపోయింది. ఆ ఊళ్లో ఎవరూ చెయ్యని పని చేసింది. గోడలోకి వేలు గుచ్చి, చెవి ఆనించింది. పిల్ల ఊపిరి వినపడింది. హమ్మయ్య అనుకుని రాలిన మట్టి మళ్లీ అద్దబోతే అది నిలవలేదు, పొడిపొడిగా రాలిపోయింది.

అప్పుడే మగ్గం వెనకనుంచి వేలంత లావు పిల్లపాము తిన్నగా ఆ కన్నం వైపే వచ్చింది. నోబుయె చటుక్కున వేలు పెట్టేసింది. అది ఆమె మడమ పక్కనుంచి నేల పలకల సందులోకి జారిపోయింది. మిగతావాళ్లు వాకిట్లోకి దూకారు.

"వేలు తీసి బయటికి రావే!" అరిచింది మంకమె.

"తీస్తే లోపలికి పోతుంది అత్తయ్యా!"

తొకుసెన్ తాత లోపలికి అడుగేశాడు. పలకల కింద సరసరమంది. అడుగు వెనక్కి తీసుకున్నాడు.

నోబుయె అలాగే నిలబడింది. గట్టిగా ఏడ్చే ధైర్యం కూడా లేదు. పొద్దు వాలాక నల్లటి కుందేలు వాకిట్లో జనం మధ్యనుంచే గునగునా నడుచుకుంటూ వచ్చింది.

"తప్పయిపోయింది తల్లీ," అంది నోబుయె. "ఉండబట్టలేక వేలు పెట్టాను."

కుందేలు ఆమె మడమ వాసన చూసింది. వెనక్కి తిరిగి, ఆమె పాదాల మీదికి మట్టి ఎగదోయడం మొదలుపెట్టింది.

"కదలకే నోబూ," అంది మంకమె. "నిన్నూ మూస్తోంది."

మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. మట్టి గడ్డం దాకా వచ్చాక నోబుయె కళ్లు మూసుకుంది.

ఆ రెండు రోజులూ మంకమె వాకిట్లోనే కూర్చుంది, అన్నం ముట్టలేదు. మర్నాడు తొకుసెన్ తాత మట్టి అంచున చుట్టచుట్టుకున్న ఆ పిల్లపామును కొట్టి చంపాడు. ఆ మరుసటి సాయంత్రం కుందేలు వచ్చి మట్టి తీసింది. జుట్టు నిండా మట్టితో, పిల్లని చంకనేసుకుని నోబుయె బయటికొచ్చింది.

మంకమె ఇద్దర్నీ వాటేసుకుని భోరుమంది. మనవరాలి మూతికున్న పాలు అంగీ చేతి అంచుతో తుడిచింది. కోడలి మొహం చూసి ఆగిపోయింది.

"ఏమే, నీ మూతికీ ఉన్నాయే పాలు?"

నోబుయె సిగ్గుపడింది. "ఆకలేసింది అత్తయ్యా," అంది.