సదానంద నివాస్‌లో మధ్యగోడ

గిర్‌గావ్‌లోని సదానంద నివాస్‌లో గోడలు పెరుగుతాయి. వానాకాలం అయిపోగానే పరబ్ మేస్త్రీ ఉలి, సుత్తి పట్టుకొచ్చి, ఇంటింటికీ వేలెడు మందం చెక్కేసి, చాయ్ తాగి పోతాడు. తొంభై ఏళ్ల బిల్డింగు. నీళ్లు పొద్దున ఒక్క గంటే వస్తాయి, గోడలు పెరుగుతాయి. దేని గురించీ ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇల్లు కీర్తనే కుటుంబానిది. ముందుగదిలో జయంత్, అతని భార్య మృణాల్ ఉంటారు. వంటింట్లో జయంత్ వదిన వత్సల. భర్త పోయిన నెలలోనే ఆవిడ చాప వంటింట్లోకి చేరింది. చేర్చమని ఎవరూ అనలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. అక్కడే థాలీపీఠ్ రొట్టెల పిండికి పప్పులు వేయించి, సందులో ఇళ్లకి పంపుతూ బతుకుతోంది.

ఆ ఏడు జయంత్ ఇల్లు బాగుచేయించాలనుకున్నాడు. మధ్యగోడ కొట్టేసి ఒకటే పెద్ద హాలు చేస్తారట. ఎవరిచేతో గీయించిన ప్లాను తెచ్చి గ్యాస్ పొయ్యి పక్కన పరిచాడు. సోఫా, టీవీ, ఫ్రిజ్, చెప్పుల స్టాండ్ అన్నీ ఉన్నాయి అందులో. వత్సల కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు వెతికింది. తను చాప పరుచుకునే చోట వాషింగ్ మిషన్ ఉంది.

తనెక్కడ పడుకోవాలని అడిగింది. మృణాల్ గోళ్లు చూసుకుంది. జయంత్ గొంతు సవరించుకుని, చిప్లూణ్‌లో ఉన్న వత్సల అన్నగారికి ఉత్తరం రాశామని, ఆ ఊరి గాలి ఆవిడ ఆయాసానికి మంచిదని చెప్పాడు.

వత్సలకి ఒళ్లు మండిపోయింది. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఈ జయంత్‌కి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు.

“చిప్లూణ్ వెళ్లేది నేను, ఉత్తరం రాసింది నువ్వు,” అంది. “మధ్యలో నన్ను అడగడమనే పని ఒకటుందని నీకు తట్టనే లేదా?”

“అడగడానికేముంది వదినా, మీ మంచికేగా.”

సోమవారం పొద్దున పరబ్ గోడ కొట్టాడు. పదకొండింటికి చాయ్ తాగి వచ్చేసరికి అది మోకాలెత్తు లేచింది. భోజనాలయ్యేసరికి కప్పుకి తగిలింది, అదీ ముందుగదిలోకి జానెడు జరిగి. ఇంట్లో మనిషిని అడక్కుండా కొడితే ఇలాగే అవుతుందని, ఆవిణ్ణి ఓ మాట అడిగి రమ్మని పరబ్ చెప్పాడు. జయంత్ వినలేదు. వేరే మనుషుల్ని పెట్టి బుధవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి కొట్టించాడు. కొట్టిన ప్రతిసారీ గోడ ఇంకో జానెడు ముందుకొచ్చి లేచింది. కొత్త సోఫా రెండు గోడల మధ్య ఇరుక్కుపోయింది. ఇరుగుపొరుగు గొడవపడింది మెట్లమీద పడున్న ఇటుకముక్కల గురించే.

ఆదివారం జయంత్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. “ఆగమని చెప్పండి వదినా. మీరు చెబితే ఆగుతుంది.”

“చెప్పను,” అంది వత్సల, పిండి జల్లిస్తూనే. ఆ ఇంట్లో ఒకరి మాట కాదనడం ఆవిడకదే మొదలు.

మర్నాడు పరబ్‌ని మళ్లీ పిలవక తప్పలేదు. అతను నేరుగా వంటింట్లోకి వెళ్లి, జేబులోంచి సుద్దముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“తాయీ, గోడ ఎక్కడ కావాలి?”

వత్సలకి ఏడుపొచ్చింది. ఇంత చిన్న మాట తనని అడగడానికి ఈ ఇంటికి ముప్ఫై నాలుగేళ్లు పట్టిందా అని, ఏడుపుకంటే కోపమే ఎక్కువొచ్చింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ముందుగది నేలమీద, వంటింటి వైపు తనకో మంచం పట్టేంత చోటు వదిలి గీత గీసింది. వెనక అందరూ నడిచే వసారా వైపు, వంటింటి గోడమీద తలుపంత మేర ఇంకోటి గీసింది.

సాయంత్రానికి మధ్యగోడ గీతమీదికొచ్చి ఆగింది. వసారా వైపు గోడ గీసినంత మేరా పలచబడి పొడిగా రాలిపోయింది. పరబ్ అక్కడ తలుపు బిగించాడు.

డిసెంబరులో, బిల్డింగు పడగొట్టి కొత్తది కడతారని, ఎన్ని కాపురాలున్నాయో రాసుకోవడానికి ఒక గుమస్తా వచ్చాడు. తలుపుకొక ఇల్లు లెక్క. వెనక తలుపు తట్టి, ఎవరి తాలూకు అని అడిగాడు. జయంత్ పరుగున వచ్చి ఏదో చెప్పబోయాడు.

“ఎవరి తాలూకూ కాదు,” అంది వత్సల. “ఈ ఇల్లు నాది. వత్సలా కీర్తనే అని రాసుకోండి.”

గుమస్తా కొత్త నంబరు వేసి, పేరు రాసుకుని, సంతకం చేయమన్నాడు. వత్సల కలం అందుకుని, ఆ గడిలో ఉన్న చోటంతా నిండేలా పెద్ద పెద్ద అక్షరాలతో చేసింది.